వరిగడ్డిలో ద్రాక్ష గుత్తులు

మొన్న తమ్ముడు రమ్మంటే ఊరు వెళ్ళాను. "ఒకసారి వచ్చి చూసిపో అక్కా" అన్నాడే గానీ, ఏం చూడాలో ఫోనులో చెప్పలేదు. ముసునూరు దాటి చాట్రాయి వైపు వెళ్ళే రోడ్డులో ఆటో దిగి తోటలోకి నడిస్తే సంగతి అర్థమైంది. మట్టి తవ్వే మిషను ఒకటి మామిడి చెట్లను వేళ్ళతో సహా పెళ్ళగించి వరసగా పడుకోబెడుతోంది. పామాయిలు మొక్కలు వేస్తాడట. కొన్నేళ్ళుగా పూత నిలవడం లేదు, నల్ల తామరపురుగు పట్టి పిందె పిందెగానే మాడిపోతోంది, మందు కొట్టిన మనిషికి ఒళ్ళంతా మంటలు తప్ప పురుగు మాత్రం చావడం లేదు. ఇవన్నీ నాకు తెలిసినవే. అయినా వాడు మళ్ళీ మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. చెప్పి, నా ముఖంలోకి చూస్తూ, "ఏమైనా అనక్కా" అన్నాడు. తిట్టమని అడుగుతున్నాడని తెలియడానికి నాకు కాస్త సమయం పట్టింది. "నేనేం అంటాన్రా, నీ ఇష్టం" అన్నాను. వాడి ముఖం ఇంకాస్త చిన్నబోయింది.

అంతలో మిషను తొట్టిలో మట్టితో పాటు ఒక రాతి స్తంభం పైకి లేచింది. మనిషెత్తు రాయి, మెడ దగ్గర తుప్పు పట్టిన ఇనపతీగ చుట్టుకుని ఉంది. మిషను నడిపే కుర్రవాడు ఇంజను ఆపేసి కిందికి దూకాడు. గుడి స్తంభమేమో, తవ్వితే పాపం తగులుతుందేమోనని వాడి భయం. "గుడీ లేదు గోపురమూ లేదు. ఇక్కడ ద్రాక్ష పందిరి ఉండేది, నువ్వు తవ్వుకో" అన్నాను. వాడు నవ్వాడు. నూజివీడు దగ్గర ద్రాక్షా అని తమ్ముడూ నవ్వాడు. వాడికి తెలియదు. ఆ పందిరి కింద కాయ కోసిన ఏడు వాడు చంకపిల్లవాడు. తర్వాత మా ఇంట్లో ఎవరూ ద్రాక్ష మాట ఎత్తలేదు. పండ్ల బండి మీద ద్రాక్ష కనిపిస్తే అమ్మ మమ్మల్ని రోడ్డుకు అవతలి వైపు నడిపించేది. నాకు ఈ వయసులో కూడా ద్రాక్ష గింజ నోట్లో పెట్టుకుంటే ముందు తడిగడ్డి వాసన వస్తుంది. ఇప్పుడు ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నేనూ చెప్పకుండా పోతే ఆ రాళ్ళు నిజంగానే ఏదో పాడుబడ్డ గుడివి అయిపోతాయి.

మా నాయనమ్మ పేరు అచ్చమ్మ. ఊరంతా రసాల అచ్చమ్మ అనేవాళ్ళు. తాతయ్య చిన్న వయసులోనే పోతే, మా నాన్నను నడుముకు కట్టుకుని, బావి నుంచి కావడితో నీళ్ళు మోసి, తూర్పు చేలో చిన్నరసాల మొక్కలు బతికించుకుంది. వాటిని చెట్లు అనేది కాదు. "మీ నాన్న తోబుట్టువులు" అనేది మాతో. పెద్దయ్యాక ఆమె చేతికి మరో పేరొచ్చింది. కాయ మగ్గేయడంలో ఆవిడను మించినవాళ్ళు మా చుట్టుపక్కల లేరు. మా ఇంట్లో ఉత్తరం వైపు ఒక చీకటి గది ఉండేది. అందులో అడుగున మందంగా వరిగడ్డి, దాని మీద కాయలు, మళ్ళీ గడ్డి, మళ్ళీ కాయలు, పైన గోనెపట్టాలు. తడి కాళ్ళతో ఎవరూ లోపలికి వెళ్ళకూడదు. పొద్దున్నే కాఫీ అయినా తాగకుండా ఆవిడ గుమ్మంలో నిలబడి గట్టిగా గాలి పీల్చి, "ఇయ్యాల ఆ మూలది తియ్యండి, ఇటు పక్కది ఎల్లుండికి" అని చెప్పేది. తీసి చూస్తే పండు పచ్చగా, మెత్తగా, తొడిమ దగ్గర తేనె కారుతూ ఉండేది. పెళ్ళివారికి పంపాల్సిన పండ్లయినా, అల్లుళ్ళకు పెట్టాల్సిన పండ్లయినా జనం మా గదికే బుట్టలతో తెచ్చేవాళ్ళు. వేసవి పొడుగునా మా బట్టలకూ, పక్కలకూ, చివరికి అమ్మ కలిపిన పెరుగన్నానికి కూడా ఆ గది వాసనే.

నాన్న ఆమెకు ఒక్కడే కొడుకు. పేరు కోటేశ్వరరావు, ఇంట్లో కోటయ్య. నెమ్మదైన మనిషి, కానీ ఒకటి తలకెక్కిందంటే దిగేది కాదు. రైతులందరితో కలిసి హైదరాబాదు అవతల ఎక్కడో ద్రాక్ష తోటలు చూసి వచ్చాడు. వచ్చిన మనిషి వెళ్ళిన మనిషి కాదు. అన్నం దగ్గర కూర్చుని గాలిలో వేలితో పందిరి గీసేవాడు. వైను చేసే కంపెనీవాళ్ళు మొక్కలిస్తారట, మనిషిని పంపి నేర్పుతారట, కాయ తీపి సరిపోతే వాళ్ళే లారీ తెచ్చుకుని తీసుకుపోతారట. మామిడి ఒక ఏడు కాసి ఒక ఏడు ముఖం చాటేస్తోంది, ఎన్నాళ్ళిలా ఆకాశం కేసి చూస్తూ బతకడం అనేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. చేసిన పద్ధతి మాత్రం దుర్మార్గం. నాయనమ్మ మైలవరంలో ఉన్న చెల్లెలి ఇంటికి పెళ్ళికి వెళ్ళినప్పుడు, ఆమె లేనప్పుడు చూసి, తూర్పు చేలో రసాల చెట్లన్నీ కొట్టించేశాడు. ముందు చెబితే ఒప్పుకోదని, అయిపోయాక చెబితే ఏడ్చి ఊరుకుంటుందని అనుకున్నాడు. సొంత తల్లి గురించి ఇంత తక్కువ తెలిసిన కొడుకును నేను మళ్ళీ చూడలేదు.

ఆవిడ ఏడవలేదు. బస్సు దిగి ఇంటికి రాకుండా నేరుగా చేలోకి వెళ్ళింది. ఒక మొద్దు మీద కూర్చుని, ఇంకా కారుతున్న జిగురును వేలితో తుడుస్తూ పొద్దు వాలేదాకా అక్కడే ఉంది. అమ్మా నేనూ వెళ్ళి లేవదీసుకొచ్చాం. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని, గేదెకు కుడితి పెట్టి, చీర మార్చుకుంది. నాన్న ఎదురుగా వచ్చి "అమ్మా" అన్నాడు. ఆవిడ అతని పక్క నుంచి, అక్కడ మనిషే లేనట్టు నడిచి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి రెండేళ్ళ పైచిలుకు కొడుకుతో ఒక్క మాట మాట్లాడలేదు. ఒకే ఇల్లు, ఒకే వంట, ఒకే అరుగు. చెప్పాల్సింది ఉంటే గేదెతో చెప్పేది. "ఏమే, మీ ఆసామికి జ్వరం తగ్గిందా? కషాయం తాగమను" అనేది దాని గంగడోలు నిమురుతూ. గేదెకూ అలవాటైపోయి, పేరు పెట్టి పిలిచినట్టు తల తిప్పి నాన్న వైపు చూసేది. మేం నవ్వుకునేవాళ్ళం. నాన్న నవ్వేవాడు కాదు. రోజూ పొద్దున చేలోకి వెళ్ళబోయే ముందు ఆమె మంచం పక్కన గొంతుక్కూర్చుని, ఇవాళ ఏం పని పెట్టుకున్నాడో చెప్పి, కాసేపు ఆగేవాడు. జవాబు వస్తుందేమోనని ఆగడం. రాకపోతే తువ్వాలు భుజాన వేసుకుని లేచి వెళ్ళేవాడు. ఒకసారి అమ్మతో, "తిట్టినా బాగుండునే సుబ్బులూ. చెప్పు తీసుకు కొట్టినా బాగుండును" అనడం నేను విన్నాను. ద్రాక్ష కాస్తే ఆమె నోరు తెరుస్తుందని ఎందుకో గట్టిగా నమ్మాడు. ఒక్క పంట, లారీ నిండా ఒక్క పంట వస్తే తల్లి ముందు తలెత్తుకుని నిలబడొచ్చనుకున్నాడు. ఆ తోట వెనక ఉన్న ఆశంతా అదే. వైను సంగతి అతనికేం తెలుసు, జన్మలో రుచి చూసి ఎరగడు.

మా వేడిలో ద్రాక్ష పెంచడం అంటే ఏంటో ఆ రెండేళ్ళూ మేమంతా అనుభవించాం. చలిదేశాల్లో ఆ తీగ చలికాలం ఆకులు రాల్చి నిద్రపోతుందట. మా దగ్గర దానికి నిద్ర లేదు. ఏడాది పొడుగునా ఆకు వేస్తూనే ఉండేది, ఒట్టి ఆకే. కత్తెర పట్టుకుని దాన్ని మోడు చేస్తే, చలికాలం వచ్చి పోయిందని భ్రమపడి చిగురుతో పాటు గుత్తి వేస్తుంది. అంటే మోసం చేసి కాయించుకోవాలి. ఆ మోసానికి కూడా మా వానలు అడ్డం పడేవి. కొత్త చిగురు మీద ముసురు పడితే ఆకు అడుగున తెల్లటి బూజు పట్టేది, తెల్లారేసరికి లేత గుత్తి గోధుమరంగుకు తిరిగేది. మైలుతుత్తమూ సున్నమూ కలిపి కొట్టేవాడు నాన్న. చొక్కా నీలం, చేతులు నీలం, గోళ్ళ సందులు నీలం. అన్నం ముద్ద చేస్తుంటే ఆ నీలం అన్నానికి అంటుకుంటుందేమోనని అమ్మ పక్కనే కూర్చుని చెమ్చా అందించేది. రాగి చెంబు నాకినట్టు ఒక వాసన అతని ఒంటి నుంచి ఎప్పుడూ వచ్చేది. ఊళ్ళో ఆడవాళ్ళు అది సారా తోట అని కూలికి రావడానికి మొహమాటపడ్డారు. రచ్చబండ దగ్గర మగవాళ్ళు "కోటయ్యా, మాకూ ఓ గ్లాసు" అని ఎగతాళి చేశారు. మొదటి ఏడు గుత్తి నిలవలేదు. రెండో ఏడు అక్టోబరులో వేయాల్సిన కత్తెర వానల వల్ల సంక్రాంతి దాటాక గానీ వేయలేకపోయాడు. అందువల్ల కాయ సరిగ్గా నడి వేసవిలోకి, మామిడికాయతో పాటే వచ్చింది. కానీ వచ్చింది. పందిరి కింద నిలబడి తల పైకెత్తితే గుత్తులు నెత్తికి తగిలేంత కాపు.

కంపెనీ నుంచి ఒక సారు జీపులో వచ్చి చూసి వెళ్ళేవాడు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి, టోపీ తీసి చేతిలో పట్టుకుని గానీ మా అరుగు ఎక్కేవాడు కాదు. గింజ చిదిమి చుక్క రసం ఒక చిన్న గొట్టం మీద పోసి, ఎండకేసి పట్టుకుని ఒంటికన్నుతో చూస్తే తీపి ఎంతుందో దానిలో గీత చెబుతుంది. ఆ మే నెలలో వచ్చినప్పుడు గుత్తిలో సగం గింజలు నల్లబడి సగం పచ్చగానే ఉన్నాయి. ఈ వేడిలో ఇంతే, అన్నీ ఒక్కసారి రంగు తిరగవు, ఇంకో వారం పది రోజులు ఆగాలి అన్నాడు. నేను మంచినీళ్ళ చెంబు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. నాన్న, మామిడి రైతు ఎవరైనా అడిగే మాటే అడిగాడు.

"కోసి ఇంట్లో పెడితే ఆ పచ్చవి నల్లబడవా సారూ? మా కాయల్లాగా?"

సారు తల అడ్డంగా ఊపాడు. "లేదండీ కోటేశ్వరరావు గారూ. ద్రాక్షకి కొమ్మ మీద ఎంత తీపెక్కితే అంతే. కోశాక చుక్క కూడా పెరగదు. ఊరికే కుళ్ళుతుంది. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి."

"మామిడికీ దీనికీ ఎంత తేడా!" అని నాన్న ఆశ్చర్యపోయాడు. సారు లారీ తీసుకుని వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. నాన్న ఆ తర్వాత రోజుల్లో నిద్రపోయినట్టు నాకు గుర్తు లేదు. గోరింకలను తోలడానికి డబ్బా వాయిస్తూ, కందిరీగలకు పొగ పెడుతూ, ఒక్కో గుత్తి కిందికీ వెళ్ళి పసిపిల్లవాడి ఒంటి జ్వరం చూసినట్టు వేలి కొసతో తాకి చూసేవాడు.

అప్పుడు రేడియోలో తుఫాను కబురు వచ్చింది. వాయుగుండం బలపడింది, బందరు దగ్గర తీరం దాటవచ్చు, గాలులు, భారీ వర్షాలు. మా ప్రాంతంలో తుఫాను అంటే జనం చేసే పని ఒక్కటే. కాయ ఎలా ఉన్నా సరే కోసి ఇంట్లో పెట్టుకోవడం. గాలికి రాలి దెబ్బ తిన్న కాయ ఎందుకూ పనికిరాదు, పచ్చికాయైతే గడ్డిలో పడుకుని నెమ్మదిగా పండుతుంది. మధ్యాహ్నానికల్లా ఊరు ఊరంతా కాయలు కోసే చిక్కం కర్రలు పట్టుకుని తోటల్లోకి పరుగెత్తింది. బళ్ళ చప్పుళ్ళు, కేకలు, తెగిన తొడిమల నుంచి కారే జీడి వాసన. మా నాన్న ఒక్కడే పనేమీ లేకుండా పందిరి కింద ఒక రాతి స్తంభానికి ఆనుకుని కూలబడ్డాడు. వాన పడితే నిండిన గింజ పగిలిపోతుంది, ఆ పగుళ్ళలో కుళ్ళు దిగుతుంది, గాలి వస్తే పందిరి మొత్తం నేల మీదికి వస్తుంది. కోస్తే పచ్చిది. ఏం చేసినా పోయేదే. అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చి ఇంటికి రమ్మని బతిమాలింది. అతను వినిపించుకోలేదు. తూర్పున ఆకాశం నల్లగా కాదు, ఒక రకమైన పసుపుగా ఉంది. నేను భయపడి అతని భుజం పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు నాయనమ్మ వచ్చింది. చెట్లు కొట్టిన రోజు నుంచి ఆ చేలో ఆమె అడుగు పెట్టలేదు. ఆ గట్టు మీదుగా పోవాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్ళేది. ఇప్పుడు చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని పందిరి కిందికి వంగి వచ్చింది. తలెత్తి గుత్తులను చూసింది. ఒకటి చేత్తో ఎత్తి బరువు చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి వదిలింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"ఒరే కోటయ్యా" అంది.

నాన్న ఒళ్ళు ఉలిక్కిపడటం నా చేతికి తెలిసింది.

"ఇట్టా కూలబడితే ఎట్టారా? లే. మనుషుల్ని పిలిచి కోయించు. గది ఉంది, గడ్డి ఉంది, నేను బతికే ఉన్నాను. కాయ ఏదైతే ఏంటి, నేను మగ్గేస్తాను."

నాన్న తల తిప్పి నా కేసి చూశాడు. సారు చెప్పిన మాట అతనితో పాటు విన్నదాన్ని నేనొక్కదాన్నే. ఆ చూపులో నన్ను నోరు మూసుకోమనడం ఉందో, నువ్వైనా చెప్పవే అనడం ఉందో నేను ఇప్పటికీ తేల్చుకోలేను. నాయనమ్మ చెయ్యి చాచింది. అతను ఆ చెయ్యి పట్టుకుని లేచాడు. "సరే అమ్మా" అన్నాడు.

ఆ సాయంత్రం లాంటి సాయంత్రం మా ఇంట్లో అంతకుముందూ లేదు, తర్వాతా లేదు. సారా తోట అన్న ఆడవాళ్ళే రసాల అచ్చమ్మ పిలిచిందని పరుగెత్తుకొచ్చారు. గాలి లేస్తుంటే బుట్టల మీద బుట్టలు గుత్తులు ఇంటికి చేర్చాం. నాయనమ్మ గదిలో మధ్యన నిలబడి అందరినీ ఆడించింది. "గుత్తి మీద గుత్తి పడకూడదు. తొడిమ పైకి పెట్టండి. ఒసే, అది ద్రాక్షే, బంగినపల్లి కాదు, నెమ్మదిగా." గడ్డి పలచగా పరిపించింది, ఎండుటాకులు ఏరించింది. గదిలో చోటు చాలక వసారా నింపాం, వసారా చాలక వంటింట్లో ఒక పక్క నింపాం. నాన్న బుట్ట దించిన ప్రతిసారీ "ఇది ఎక్కడ పెట్టమంటావమ్మా?" అని అడిగేవాడు. తెలియక కాదు, అడగడం కోసం. ఆవిడ చెప్పేది. ఇంకో బుట్ట తెచ్చి మళ్ళీ అడిగేవాడు. రెండేళ్ళ మాటలన్నీ ఆ బుట్టల లెక్కన తెచ్చుకుంటున్నాడు. దీపాలు పెట్టే వేళకు ఆవిడే పీట వేసి, కొడుక్కి అన్నం వడ్డించి, ముద్దపప్పులో నెయ్యి వేసి, "తిను, ఒంట్లో ఎముకలు తప్ప ఏం మిగలలేదు" అంది. నాన్న తల వంచుకుని తిన్నాడు. కళ్ళ నీళ్ళు కంచంలో పడుతున్నాయి. అమ్మ వసారాలో నిలబడి చీర చెంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఆకలి వేయలేదు. ఆ పక్క గదిలో ఉన్నది పండదని నాకు తెలుసు. అతనికీ తెలుసు. అతను పెరుగన్నం కూడా మారు వడ్డించుకుని తిన్నాడు.

తుఫాను రాలేదు. రాత్రి కాస్త ఈదురుగాలి వీచింది, నాలుగు చినుకులు పడ్డాయి. తెల్లారేసరికి రేడియో అది ఉత్తరంగా, ఒరిస్సా వైపు మళ్ళిందని చెప్పింది. ఎండ వచ్చింది. అంత మంచి ఎండ, గింజలో తీపి ఎక్కించే ఎండ, ఆ ఏడాది మొత్తం మీద కాయలేదంటే నమ్మండి. ఒట్టి పందిరి మీద ఆకులు మెరుస్తూ వారం పాటు కాసింది. నాన్న ఒకసారి గుమ్మంలోకి వచ్చి ఆకాశం చూసి లోపలికి వెళ్ళిపోయాడు. ఊరివాళ్ళు తొందరపడి కోసిన మామిడికాయలు వాళ్ళ వాళ్ళ గడ్డిలో నెమ్మదిగా పండు తిరుగుతున్నాయి. వాళ్ళకు పోయిందేమీ లేదు.

మా గదిలో వాసన మొదట కల్లు కుండ దగ్గర వచ్చే వాసనలా వచ్చింది. "రసాలకీ మొదట ఇట్టాగే పులుపు వాసనొస్తుంది" అంది నాయనమ్మ. మర్నాటికి గడ్డిలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. అది మంచి గుర్తేనంది. ఆ మర్నాడు గోనెపట్టా ఎత్తితే సన్నటి దోమలు ముసురుకుని లేచాయి. ఆమె లేచి గడ్డి మార్చింది. కిటికీ మూసి చూసింది, తెరిచి చూసింది. వేపాకు పరిచింది. అన్నానికి లేవకుండా, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్క గుత్తీ తీసి, బూజు పట్టిన గింజలు ఏరి, బాగున్నవి మళ్ళీ పడుకోబెట్టింది. బాగున్నవీ పచ్చగానే ఉన్నాయి. నొక్కితే మెత్తగా, నోట్లో పెట్టుకుంటే పుల్లగా. జీవితంలో మొదటిసారి ఆమె ముక్కు ఆమెకు అబద్ధం చెబుతోంది. "ఎందుకు పండవు? నా చేతిలో ఎందుకు పండవు?" అని గుత్తులనే అడగసాగింది. అమ్మ వద్దని లేపబోతే చెయ్యి విదిలించుకుంది. నాన్న గుమ్మంలో నిలబడి, "కాస్త పడుకోమ్మా, రేపటికి చూద్దాం" అన్నాడు. రేపటికి ఏం చూడాలో అతనికి తెలుసు. అయినా రోజూ ఆ మాటే అన్నాడు.

ఇప్పుడు ఆలోచిస్తే నాకు నాన్న మీద జాలి కంటే కోపమే ముందు వస్తుంది. ఒక్క మాట ముందు అడిగి ఉంటే ఆ చెట్లలో సగమైనా నిలిచేవి, ఆవిడ నోరు మూతపడేదీ కాదు, ఆ నోరు తెరిపించడానికి తోటంతా తెగ్గోసుకోవాల్సిన అవసరమూ రాకపోయేది. నాయనమ్మ మీదా కోపం వస్తుంది. అంత పంతం ఏం చేసుకుందామని? కానీ మొన్న తమ్ముడి తోటలో ఆ పడిపోయిన చెట్ల మధ్య నిలబడినప్పుడు నాకు ఇంకోటి తోచింది. ఆ చెట్లు కూడా నాన్న నాటినవే. ద్రాక్ష తీగలు పీకేసి, కొన్ని స్తంభాలు మోయలేక అక్కడే పూడ్చేసి, మళ్ళీ చిన్నరసాలే నాటాడు. అవి కాపుకు వచ్చేసరికి నాయనమ్మ లేదు. ఉన్నా మగ్గేసేది కాదు, ఆ గదిలో ఆమె మళ్ళీ ఒక్క కాయ కూడా పెట్టలేదు, జనం తెచ్చిన బుట్టలు వెనక్కి పంపేసింది. ఇప్పుడు ఎవరూ గడ్డిలో వేయరు, పొట్లాల మందు పెట్టి ఒక్క రోజులో రంగు తెప్పిస్తారు. దాని గురించి నేను గొప్పగా ఏడవను. నన్ను భయపెట్టింది వేరు. ఆ రోజు చెట్లు కొట్టేస్తే ఒక మనిషి రెండేళ్ళు కన్నకొడుకు ముఖం చూడలేదు. ఈ రోజు అదే చేలో చెట్లు కూల్చేసి తమ్ముడు ఎవరైనా కోప్పడతారేమోనని ఊరంతా వెతుక్కుని, చివరికి విజయవాడ నుంచి నన్ను పిలిపించుకున్నాడు. నేను "నీ ఇష్టం" అని, వాడు పెట్టిన టీ తాగి బస్సెక్కాను. మేం రోజూ ఫోనులో మాట్లాడుకుంటాం. మాటలకు మాకు కరువే లేదు. వాటి కోసం ఎవరమూ ఏదీ వదులుకోనక్కర్లేదు. బస్సులో కూర్చున్నాక ఏడుపు వచ్చింది. పక్క సీటావిడ ఏంటమ్మా అంటే కంట్లో నలుసు పడిందని చెప్పాను.

ఆ వారం గడిచాక సారు చెప్పిన ప్రకారం వచ్చాడు. ముందు జీపు, వెనక ఖాళీ లారీ. పందిరి వైపు చూసి, జీపు దిగి, గబగబా మా ఇంటికి నడిచి వచ్చాడు. ఆ రోజు మొదటిసారి టోపీ తీయడం మర్చిపోయాడు. గది గుమ్మంలో నాయనమ్మ కూర్చుని ఉంది. జుట్టు నిండా గడ్డి పరకలు, చేతులు మోచేతుల దాకా నల్లటి రసం, చుట్టూ దోమలు. వెనక ఆ వాసన. సారు వంగి ఒక గుత్తి తీశాడు. గొట్టం బయటికి తీయనే లేదు.

"అయ్యో, ఏంటండీ ఇది కోటేశ్వరరావు గారూ! మీకు నేను ముందే..."

"లేదు సారూ" అన్నాడు నాన్న. అరిచినట్టే అన్నాడు. "మీరు చెప్పలేదు. నాకు తెలీదు. మీరేం చెప్పలేదు."

సారు అతని కేసి చూశాడు. తర్వాత నాయనమ్మను చూశాడు, ఆమె ఒళ్ళో ఏరిపెట్టుకున్న నాలుగు మంచి గుత్తులను చూశాడు. ఆ మనిషి ఎక్కడున్నా చల్లగా ఉండాలి. టోపీ తీసి, తల వంచుకుని, "అవునమ్మా. చెప్పడం మర్చిపోయాను. తప్పు నాదే, క్షమించండి" అన్నాడు. జీపెక్కి వెళ్ళిపోయాడు. ఖాళీ లారీ గతుకుల్లో ఎగిరెగిరి పడుతూ వెనక్కి తిరిగిన చప్పుడు రోడ్డు ఎక్కేదాకా వినబడుతూనే ఉంది.

నాయనమ్మ ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆగింది.

"కోటయ్యా. ఆయన మర్చిపోయే మనిషి కాదు. నీకు చెప్పాడు" అంది.

నాన్న తువ్వాలుతో ఆమె చుట్టూ ముసిరిన దోమలు తోలాడు.

"నీకు తెలుసు. పండవని తెలుసు. నేను పిచ్చిదాన్ని, నాకు మామిడి తప్ప ఏం తెలుసు, కోయమన్నాను. తెలిసి నువ్వెందుకు ఊరుకున్నావురా? చేతికొచ్చిన తోటంతా ఎందుకు కోయించావు?"

నాన్న ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. రోజూ పొద్దున మంచం పక్కన కూర్చున్నట్టే, గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వు పిలిచావు కదమ్మా" అన్నాడు.

ఆవిడ ఒళ్ళోని గుత్తులు ఒక్కొక్కటీ కింద పెట్టేసింది. అమ్మ లోపలికి వెళ్ళి, తడిసిన గడ్డిని చేతులతో ఎత్తి బయట పారబోయడం మొదలుపెట్టింది.